అడగండి, చెబుతాం: వింత సెలవులు, పనిగంటలు, జీతం తేదీలు

ఈసారి వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా సెలవుల చుట్టూనే తిరిగాయి. వాటిలో కొన్నిటికి లెక్క కట్టి చూపిస్తే తప్ప జవాబు తేలదు. అందుకే ఈ విడతలో అంకెలు కాస్త ఎక్కువే ఉంటాయి.

ప్రశ్న: మే డే పుట్టింది అమెరికాలోనే అంటారు. మరి ఆ దేశంలోనే ఆ రోజు సెలవు లేదట. ఎందుకని?

పుట్టింది అక్కడే. ఎనిమిది గంటల పనిదినం కావాలని 1886 మే 1న అమెరికా అంతటా కార్మికులు పని ఆపేశారు. మే 4 రాత్రి షికాగోలోని హేమార్కెట్ దగ్గర సభ ముగింపుకొచ్చిన వేళ పోలీసులు జనాన్ని పొమ్మన్నారు. ఇంతలో ఎవరో బాంబు విసిరారు. ఆ విసిరిందెవరో ఇప్పటికీ తేలలేదు. అయినా ఎనిమిది మందిని దోషులుగా తేల్చి, 1887 నవంబరు 11న నలుగురిని ఉరి తీశారు. ఒకరు అంతకు ముందురోజు జైల్లోనే ప్రాణం తీసుకున్నారు. మిగిలిన ముగ్గురిని 1893లో ఇలినాయ్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ విడుదల చేశారు. విచారణ న్యాయంగా జరగలేదని ఆయన కారణాలతో సహా రాసి మరీ చెప్పారు. ఆ ధైర్యం ఇవాళ్టికీ మెచ్చుకోదగ్గది.

1889లో పారిస్‌లో కలిసిన సోషలిస్టు ప్రతినిధులు, మరుసటి ఏడాది మే 1న అన్ని దేశాల్లోనూ ప్రదర్శనలు జరపాలని తీర్మానించారు. తేదీ అలా ప్రపంచమంతా పాకింది. భారతదేశంలో మొదటి మే డే 1923లో మద్రాసులో సింగారవేలు చెట్టియార్ ఆధ్వర్యంలో జరిగింది.

అమెరికాలో అప్పటికే ఇంకో కార్మిక దినం ఉంది. 1882 సెప్టెంబరు 5న న్యూయార్క్‌లో జరిగిన ఊరేగింపు దానికి మొదలు. 1894లో పుల్‌మన్ రైల్వే బోగీల కంపెనీ సమ్మె దేశాన్ని కుదిపేస్తుండగా, జూన్ 28న అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సెప్టెంబరు మొదటి సోమవారాన్ని సెలవుగా చేసే చట్టంపై సంతకం పెట్టారు. షికాగో జ్ఞాపకం ఉన్న మే 1 కంటే అది ప్రభుత్వానికి ఇబ్బంది లేని తేదీ. తర్వాత 1958లో మే 1ని ‘విధేయతా దినం’గానూ, ‘చట్ట దినం’గానూ ప్రకటించారు. మిగతా చోట్ల చూస్తే, న్యూజీలాండ్‌లో కార్మిక దినం అక్టోబరు నాలుగో సోమవారం, జపాన్‌లో నవంబరు 23.

ప్రశ్న: ఐస్‌లాండ్‌లో ఆడవాళ్లు సరిగ్గా మధ్యాహ్నం 2:08కి ఆఫీసుల నుంచి లేచి వెళ్లిపోయారని చదివాను. ఆ ఎనిమిది నిమిషాలేమిటి?

ఆ ఎనిమిది నిమిషాల్లోనే విషయమంతా ఉంది. పనిదినం ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు, అంటే 8 గంటలు, 480 నిమిషాలు అనుకోండి. 2005లో అక్కడి మహిళల సగటు సంపాదన పురుషుల సంపాదనలో 64.15 శాతం. 480 నిమిషాల్లో 64.15 శాతమంటే దాదాపు 308 నిమిషాలు. అంటే 5 గంటల 8 నిమిషాలు. ఉదయం 9కి అది కలిపితే మధ్యాహ్నం 2:08. ‘మాకు జీతం ఇస్తున్నది ఇంతవరకే, తర్వాత చేసేదంతా ఉచితం’ అని చెప్పడానికి ఇంతకంటే సూటి పద్ధతి మాకు తోచదు.

ఈ సమయం ఏటేటా మారుతుంది, మారాలి కూడా. 2010లో 2:25కి, 2016లో 2:38కి, 2018లో 2:55కి లేచారు. తేడా తగ్గేకొద్దీ గడియారం 5 వైపు జరుగుతుంది.

మీ కార్యాలయానికీ లెక్క కట్టొచ్చు. ముందుగా ఒకటి తేల్చుకోండి: మీరు పోలుస్తున్నది గంట వేతనమా, మొత్తం సంపాదనా? చాలామంది పొరబడేది ఇక్కడే. మొత్తం సంపాదన పోలిస్తే తక్కువ గంటలు పనిచేసేవారి ప్రభావం కూడా అందులో కలుస్తుంది, తేడా పెద్దదిగా కనిపిస్తుంది. గంట వేతనమే పోలిస్తే తేడా చిన్నదవుతుంది. రెండూ నిజాలే, కానీ అవి చెప్పేవి వేర్వేరు సంగతులు. ఏది వాడారో పైన రాయకపోతే వాదన మొదటి నిమిషంలోనే వీగిపోతుంది. తర్వాత మహిళల సగటును పురుషుల సగటుతో భాగించి, పని నిమిషాలతో హెచ్చించి, పని మొదలయ్యే సమయానికి కలపండి. భోజన విరామానికి జీతం లేకపోతే దాన్ని పని నిమిషాల్లోంచి తీసేయాలి, గడియారంలో మాత్రం కలపాలి.

ఈ సంప్రదాయానికి మూలం 1975 అక్టోబరు 24. ఆ రోజు ఐస్‌లాండ్ మహిళల్లో దాదాపు 90 శాతం మంది ఇంటి పనితో సహా అన్ని పనులూ ఆపేశారు. దాన్ని సమ్మె అనకుండా ‘మహిళల సెలవు రోజు’ అన్నారు. సమ్మె అంటే వెనకాడేవాళ్లు కూడా సెలవంటే కలిసొచ్చారు. మరుసటి ఏడాదే సమానత్వ చట్టం వచ్చింది. 1980లో విగ్దిస్ ఫిన్‌బొగదొత్తిర్ ఆ దేశాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు.

ప్రశ్న: వారానికి ఏడు రోజులే ఎందుకుండాలి? ఐదు రోజుల వారం పెడితే సెలవులు ఎక్కువ వస్తాయి కదా!

ఈ ప్రయోగం నిజంగానే జరిగింది. 1929 అక్టోబరు నుంచి సోవియట్ యూనియన్‌లో ఐదు రోజుల వారం అమలు చేశారు. కార్మికులను ఐదు గుంపులు చేసి ఒక్కో గుంపుకు ఒక రంగు ఇచ్చారు: పసుపు, గులాబీ, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ. మీ రంగు రోజు మీకు సెలవు. ఏ రోజు చూసినా ఐదింట నాలుగు వంతుల మంది పనిలో ఉంటారు, యంత్రాలు ఏడాది పొడుగునా ఆగవు. కార్మికుడికీ నాలుగు రోజుల పని తర్వాత ఒక రోజు విశ్రాంతి. కాగితం మీద అందరికీ లాభమే.

దెబ్బ రెండు వైపుల నుంచీ తగిలింది. యంత్రాలకు శుభ్రం చేసే, నూనె వేసే, మరమ్మతు చేసే రోజంటూ లేకుండా పోయింది. పైగా ఒకే యంత్రం మీదికి రోజుకో మనిషి రావడంతో అది ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. ఇంటి దగ్గర చూస్తే భర్తది పసుపు, భార్యది ఆకుపచ్చ. పిల్లల బడికి ఇంకో రోజు సెలవు. స్నేహితులు కలిసేది లేదు, కుటుంబమంతా ఒక పూట కూర్చునేది లేదు. విశ్రాంతి రోజులు పెరిగాయి గానీ, నలుగురితో కలిసి గడిపే రోజు మాయమైంది.

1931లో దిద్దుబాటుగా ఆరు రోజుల వారం తెచ్చారు. నెలలో 6, 12, 18, 24, 30 తేదీలు అందరికీ ఒకేసారి సెలవు. ఫిబ్రవరిలో 30 ఉండదు కాబట్టి దాని బదులు మార్చి 1. చివరికి 1940 జూన్‌లో ఏడు రోజుల వారం, ఆదివారం సెలవు తిరిగొచ్చాయి.

అంతకు ముందు ఫ్రెంచి విప్లవకారులు దీనికి పూర్తిగా తలకిందులుగా చేశారు. 1793లో పది రోజుల వారం పెట్టి, పదో రోజు సెలవన్నారు. ఏడాదికి 52 ఆదివారాలు పోయి 36 విశ్రాంతి రోజులు మిగిలాయి. జనం దాన్ని ఏనాడూ మనసారా ఒప్పుకోలేదు. 1806 జనవరి 1తో ఆ క్యాలెండరే రద్దయింది.

ప్రశ్న: క్యాలెండర్ చూడకుండా వచ్చే ఏళ్లలో మే 1 ఏ వారమో చెప్పగలమా?

చెప్పగలం. గణితవేత్త జాన్ కాన్వే చెప్పిన పద్ధతి ఇది. ఏ ఏడాదైనా కొన్ని తేదీలు ఒకే వారం (అంటే అన్నీ సోమవారమో, అన్నీ మంగళవారమో) వస్తాయి: 4వ నెల 4, 6వ నెల 6, 8వ నెల 8, 10వ నెల 10, 12వ నెల 12. అలాగే 5వ నెల 9, 9వ నెల 5, 7వ నెల 11, 11వ నెల 7. వీటికి తోడు ఫిబ్రవరి చివరి రోజు, మార్చి 14. ఇవన్నీ ఒకే వారం. 2026లో ఆ వారం శనివారం, 2027లో ఆదివారం, 2028లో మంగళవారం. ఏడాదికి ఒక రోజు ముందుకు, లీపు ఏడాదిలోకి వచ్చేటప్పుడు రెండు రోజులు.

మే 9 ఆ వారమైతే మే 2 కూడా ఆ వారమే. మే 1 దానికి ముందు రోజు. కాబట్టి 2026లో శుక్రవారం, 2027లో శనివారం, 2028లో సోమవారం. తప్పు దొర్లేదల్లా జనవరి, ఫిబ్రవరి దగ్గర. జనవరిలో ఆ వారం వచ్చే గుర్తు తేదీ మామూలు ఏడాదిలో 3, లీపు ఏడాదిలో 4.

ఇంకో సరదా సంగతి. ఏ ఏడాది తీసుకున్నా, మే నెల ఏ వారంతో మొదలవుతుందో ఆ వారంతో మరే నెలా మొదలవదు. జూన్‌దీ ఇదే సంగతి. పదమూడో తేదీ అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది శుక్రవారమే. 400 ఏళ్లలో 4,800 పదమూడో తేదీలుంటే 688 శుక్రవారాలు, గురు, శనివారాలు 684 చొప్పున.

ప్రశ్న: మా అబ్బాయి విదేశంలో రాత్రి షిఫ్టు చేస్తాడు. గడియారం వెనక్కి తిప్పిన రాత్రి అతనికి ఎన్ని గంటల జీతం రావాలి?

గంటల లెక్కన జీతమైతే చేసినన్ని గంటలకూ రావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు షిఫ్టు అనుకోండి. గడియారం గంట వెనక్కి తిప్పిన రాత్రి అది 9 గంటలు. వసంతంలో ముందుకు తిప్పిన రాత్రి 7 గంటలే. వారానికి 40 గంటలు దాటితే అదనపు వేతనమనే చోట, శరత్తులో ఆ ఒక్క రాత్రి వల్లే 41 అవుతాయి. చాలామంది ఈ గంట అడగకుండా వదిలేస్తారు. నెల జీతం వాళ్లకు సాధారణంగా తేడా ఉండదు.

తప్పు జరిగేది హాజరు యంత్రం దగ్గర. అది 6లోంచి 22 తీసేసి ‘8’ అని రాసేస్తుంది. విరామం విషయంలో ఇంకా విచిత్రం: 1:50కి విరామానికి వెళ్లి అరగంట తర్వాత వస్తే, మధ్యలో గడియారం వెనక్కి తిరిగి 1:20 చూపిస్తుంది. వెళ్లకముందే తిరిగొచ్చినట్టన్నమాట! కొన్ని యంత్రాలు దాన్ని దోషంగా పక్కన పెట్టేస్తాయి, కొన్ని విరామాన్నే పెంచి రాస్తాయి.

మార్గమేమిటంటే ఆ రాత్రి సమయాలను యూటీసీలో, అంటే ముందుకూ వెనక్కీ తిప్పని ప్రపంచ ప్రామాణిక సమయంలో, విడిగా రాసుకోమనండి. బ్రిటన్‌లో అయితే వేసవి సమయం రాత్రి 10 అంటే యూటీసీ 21:00. మరునాటి ఉదయం 6 అంటే యూటీసీ 06:00. తేడా 9 గంటలు, వాదించడానికేమీ లేదు. యూరప్‌లో ఈ మార్పు మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. తేడా అన్నిచోట్లా గంటే అనుకోకండి. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ దీవిలో గడియారం తిప్పేది అరగంటే.

ప్రశ్న: ప్రపంచ టాయిలెట్ దినం లాంటివి ఎవరు పెడతారు? ఎవరైనా ఒక రోజు ప్రకటించేసుకోవచ్చా?

ప్రకటించుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. సెప్టెంబరు 19న ‘సముద్రపు దొంగల యాసలో మాట్లాడే దినం’ ఇద్దరు స్నేహితుల సరదాతో మొదలైందే. మార్చి 14న (3.14 విలువున్న గణిత సంఖ్య ‘పై’ పేరిట) జరిపే పై (π) దినం 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరటోరియం మ్యూజియంలో భౌతికశాస్త్రవేత్త లారీ షా మొదలుపెట్టారు. 2019లో యునెస్కో అదే తేదీని అంతర్జాతీయ గణిత దినంగా ప్రకటించింది.

ఐక్యరాజ్యసమితి ముద్ర కావాలంటే మాత్రం ఒక సభ్యదేశం తీర్మానం ముసాయిదా పెట్టాలి, తోడుగా ఇతర దేశాలను కూడగట్టాలి, సర్వప్రతినిధి సభ ఆమోదించాలి. టాయిలెట్ దినం (నవంబరు 19) 2013లో సింగపూర్ తెచ్చిన తీర్మానంతో అధికారికమైంది. పేరు వింటే నవ్వొస్తుంది గానీ, పనిచోట మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడమే మానేసే ఉద్యోగినులకు అది నవ్వులాట కాదు. దుకాణాలు, కార్యాలయాల పరిశుభ్రతపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964లో చేసిన 120వ ఒడంబడిక ఈ విషయంలో సూటిగా ఉంది. తగినన్ని మరుగుదొడ్లు ఏర్పాటు చేయడమే కాదు, వాటిని బాగా నిర్వహించాలంది. పక్కనే ఇంకో మంచి మాట కూడా ఉంది: కార్మికులకు కూర్చోవడానికి తగినన్ని ఆసనాలుండాలి, వాటిలో కూర్చునే అవకాశమూ ఇవ్వాలి. కుర్చీ వేసి, కూర్చుంటే కసిరే యజమానులను దృష్టిలో పెట్టుకునే ఆ రెండో సగం రాసినట్టుంది.

టీ దినానికి రెండు తేదీలున్న సంగతి కూడా ఇక్కడే చెప్పేద్దాం. 2005 నుంచి తేయాకు తోటల కార్మిక సంఘాలు డిసెంబరు 15న జరుపుతూ వచ్చాయి. 2019లో ఐక్యరాజ్యసమితి మే 21ని ప్రకటించింది. కూలి రేట్ల గురించి మొదట గొంతెత్తింది డిసెంబరు తేదీయే కాబట్టి మా ఓటు దానికే.

ప్రశ్న: పండగ ఆదివారం వస్తే సెలవు పోయినట్టేనా?

దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో బ్యాంకు సెలవు శని, ఆదివారాల్లో పడితే తర్వాతి పనిదినం ఇస్తారు. పోలండ్‌లో ఆదివారం పడితే పోయినట్టే, శనివారం పడితే మాత్రం యజమాని ఇంకో రోజు సెలవివ్వాలి. జపాన్ చట్టం అన్నిటికంటే ఉదారం: రెండు జాతీయ సెలవుల మధ్య ఒక్క పనిదినం చిక్కుకుంటే అది కూడా సెలవే. 2026లో సెప్టెంబరు 21 సోమవారం వృద్ధుల గౌరవ దినం, 23 బుధవారం శరద్విషువం (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు). అందుకని 22 మంగళవారం కూడా సెలవైంది. చైనాలో పెద్ద పండగలకు వారం రోజులు సెలవిచ్చి, ముందో వెనకో వచ్చే శని, ఆదివారాల్లో పని చేయిస్తారు. అక్కడ వరుస సెలవులు చూసి సంతోషించే ముందు ఆ పని ఆదివారాలను తీసేసి లెక్కపెట్టాలి.

వార్షిక సెలవు వేరు, పండగ సెలవు వేరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970 నాటి 132వ ఒడంబడిక ప్రకారం వార్షిక సెలవు కనీసం మూడు పనివారాలు, పండగ సెలవులను అందులో కలపకూడదు. ‘డబ్బు తీసుకో, సెలవు వదులుకో’ అని ఆ కనీస సెలవును కొనేసే ఒప్పందం కూడా చెల్లదంటుంది. అయితే ఇది ఒడంబడికను ఆమోదించిన దేశాలకే వర్తిస్తుంది. ముందు మీ దేశం ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: జీన్స్ ప్యాంటుకి ఆ బుల్లి జేబెందుకు?

జేబు గడియారానికి. జీన్స్ మొదట కూలీలు, గని కార్మికులు వేసుకునే బట్ట. జేబుల మూలలు చిరిగిపోతున్నాయని దర్జీ జేకబ్ డేవిస్ అక్కడ రాగి రివెట్లు బిగించాడు. లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు తీసుకున్నాడు. చేతి గడియారాలు వచ్చాక పని పోయినా, జేబు మిగిలిపోయింది.

ప్రశ్న: ఫిబ్రవరి 30 ఎప్పుడైనా వచ్చిందా?

స్వీడన్‌లో 1712లో వచ్చింది. కొత్త క్యాలెండర్‌కి (ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్‌కి) మెల్లగా మారాలని 1700లో లీపు రోజు వదిలేశారు. ఆ తర్వాత 1704, 1708లలో వదలాల్సింది వదల్లేదు. దాంతో ఏ దేశంతోనూ తేదీ కలవకుండా పోయింది. చివరికి పాత క్యాలెండర్‌కే తిరిగి వెళ్లడానికి 1712 ఫిబ్రవరికి ఒక రోజు అదనంగా కలిపారు. అసలు మార్పు 1753లో జరిగింది. అప్పుడు ఫిబ్రవరి 17 తర్వాత నేరుగా మార్చి 1.

ప్రశ్న: రెండు వారాలకోసారి జీతమిచ్చే చోట ఒక ఏడాది 27 జీతాలు వస్తాయంటున్నారు. అదనపు జీతమేనా అది?

ఒప్పందం ఎలా రాశారో దాన్ని బట్టి. 26 జీతాలకు 364 రోజులు సరిపోతాయి. ఏడాదికి మిగిలే ఒకటి రెండు రోజులు పోగై సుమారు పదకొండేళ్లకోసారి 27వ జీతం తేదీ వచ్చిపడుతుంది. ఉదాహరణకు 2027 జనవరి 1 శుక్రవారం. ఆ రోజు జీతమిచ్చే చోట మళ్లీ డిసెంబరు 31 శుక్రవారానికి 27వది వస్తుంది. ఇక్కడో మెలిక. జనవరి 1 సెలవని జీతాన్ని 2026 డిసెంబరు 31నే వేసేస్తే, ఆ 27 జీతాల ఏడాది 2027 కాక 2026 అవుతుంది. పన్నుకు క్యాలెండర్ ఏడాదిని పట్టే దేశాల్లో ఆదాయమూ ఆ ఏడాదిలోకే పోతుంది.

గంటల లెక్కన పనిచేసేవారికి 27వది చేసిన పనికి వచ్చిన డబ్బే, భయం లేదు. ఏడాది జీతం ఇంతని మాట్లాడుకున్నవారు జాగ్రత్తగా చూసుకోవాలి. ఏడాదికి 52,000 అనుకుంటే 26తో భాగిస్తే విడతకు 2,000. కంపెనీ 27తో భాగిస్తే 1,925.93. ప్రతి విడతా 3.7 శాతం తగ్గి చేతికొస్తుంది. ఏడాది మొత్తం మారదు గానీ, 2,000 లెక్కన అద్దె, వాయిదాలు కట్టేవారికి ఆ తేడా గట్టిగానే తగులుతుంది. డిసెంబరులోనే జీతాల విభాగాన్ని రెండు ముక్కలు అడగండి: వచ్చే ఏడాది ఎన్ని విడతలు, భాగించేది ఎంతతో? జవాబు మాటల్లో కాకుండా రాతలో తీసుకోండి. బీమా, భవిష్యనిధి కోతలు విడతకు ఇంతని స్థిరంగా ఉంటే 27వ విడతలో అవి మళ్లీ కోస్తారో లేదో కూడా అందులోనే రాయించుకోండి.